ఐదు పుస్తకాల గుట్ట

కిటికీ చట్రాలు వెల్డింగు చేసే షెడ్డులో ఆమెను అందరూ రవ్వ అనేవాళ్ళు. పని నిప్పురవ్వలతోనే, నోరూ అలాంటిదే. ఆమెకున్న పిచ్చల్లా పుస్తకాలు. ఒకటి పూర్తిచేసి ఇంకోటి పట్టుకునే రకం కాదు, ఒకేసారి ఐదు నడిపేది. ఓడల యుద్ధాల చరిత్ర, తేనెటీగల పెంపకం, ఒక హత్య నవల, పాత కవితలు, ఓ మంత్రసాని రాసుకున్న అనుభవాలు మంచం పక్కన స్టూలు మీద గుట్టగా ఉండేవి. ఒళ్ళు మండి వచ్చిన రోజు ఓడలు, అలసి వచ్చిన రోజు తేనెటీగలు.

"రెండు పడవల మీద కాళ్ళు పెడితేనే మునుగుతారు. నువ్వు ఐదింటి మీద పెట్టావు తల్లీ," అనేవాడు పై వాటాలో ఉండే ప్లంబరు.

ఓ శుక్రవారం సాయంత్రం ఆమె అక్క వచ్చింది. చేతిలో సంచీ కూడా లేదు. ఎడమ కన్ను వాచి మూసుకుపోయింది.

"ఈసారి కూడా సర్దుకుపొమ్మంటావా?" అంది గుమ్మంలోనే నిలబడి.

రవ్వ అక్కను లోపలికి లాగి గడియ వేసింది. తన మంచం ఆమెకిచ్చి తను కింద పడుకుంది.

ఆదివారం మధ్యాహ్నం బావ వచ్చాడు. గొంతు వినగానే అక్క వంటింట్లోకి వెళ్ళి తలుపేసుకుంది. అతను బాదుతున్న తీరుకి గడియ ఊడేలా ఉందని రవ్వ వీధి తలుపు తీసింది.

"ఏం మరదలా, బావను వీధిలోనే నిలబెడతావా?" నవ్వుతూనే వచ్చి, తన వెనక తలుపును కాలితో మూసి గడియ పెట్టాడు.

"అక్క ఇక్కడికి రాలేదు బావా."

"నేనింకా అడగలేదుగా." అతని చూపు స్టూలు మీద పడింది. "వీటిలో ఏది చదువుతున్నావు?"

"అన్నీ."

"ఒక్క మొగుడితో వేగలేక మీ అక్క పారిపోయింది. నువ్వు ఐదింటితో వేగుతున్నావన్నమాట."

ఓడల పుస్తకం తీసి, మధ్యకు తెరిచి, వెన్ను విరిచాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. తర్వాత కవితలు, తర్వాత మంత్రసాని. చింపిన ప్రతిసారీ "ఎక్కడుంది?" అని మెల్లగా అడిగాడు. రవ్వ పళ్ళు బిగించుకుని నిలబడింది. కాగితాలేగా, మనిషి కాదుగా అనుకుంది. కానీ అతను హత్య నవల ఎత్తగానే ఆమె చెయ్యి దానంతటదే వెళ్ళి అతని మణికట్టు పట్టుకుంది.

అతనికి కావలసిందీ అదే. మొదటి దెబ్బకు ఆమె పెదవి చిట్లింది. రెండో దెబ్బకు తల గోడకు కొట్టుకుంది. కింద పడ్డాక కడుపులో తన్నాడు. ఛాతీ మీద మోకాలు ఆనించి, నవల చివరి కాగితాలు చించి ఆమె నోట్లో కుక్కాడు.

"అరవవే ఇప్పుడు."

కాగితం నెత్తురుతో తడిసి గొంతుకు అడ్డం పడింది. ఊపిరి అందలేదు. అతని వేలు ఇంకా నోట్లోనే ఉంది. రవ్వ దవడలు మూసింది. ఎముక తగిలేదాకా మూసే ఉంచింది. బావ ఎద్దులా రంకె వేశాడు.

వంటింటి తలుపు తెరుచుకుంది. అక్క రెండు చేతులా ఇనప పెనం పట్టుకుని వచ్చింది. బావ చెవి మీద కొట్టింది. అతను పక్కకు ఒరిగాడు. భుజం మీద కొట్టింది, బొమిక విరిగింది. అతను ముడుచుకుపోయి "వద్దే, వద్దే," అంటున్నా ఆపలేదు. ఇన్నేళ్ళలో తను ఆ మాట ఎన్నిసార్లు అందో, అతను ఒక్కసారైనా ఆగాడో లేదో.

రవ్వ నోట్లోని కాగితం ఉమ్మి, పాక్కుంటూ వెళ్ళి అక్క నడుం పట్టుకుంది. "చాలక్కా. చచ్చిపోతాడు."

"చావనీ."

"వాడు చస్తే నిన్ను జైల్లో పెడతారు. నిన్నెక్కడికీ పంపను, దించు."

పెనం వెంటనే దిగలేదు. రవ్వ ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది. అప్పటికి ప్లంబరు తలుపు బద్దలుకొట్టి వచ్చాడు. నెత్తుటిలో తేలుతున్న కాగితాలు చూసి గోడ పట్టుకుని నిలబడిపోయాడు. పోలీసులకు ఫోను చేసింది అతనే.

బావ బతికాడు, ఒక చెవి పోయింది. బావ మీదా, అక్క మీదా కేసులు పెట్టారు. విరిగిన పక్కటెముక అతుక్కునేదాకా రవ్వ పనికి పోలేదు. ఇంట్లో ఉన్నా పుస్తకం తెరవలేకపోయింది. అక్షరం చూస్తే గొంతులో కాగితం అడ్డం పడినట్టుండేది.

మొదటి వాయిదా రోజు కోర్టు వరండాలో ఎదురుబెంచీ మీద బావ కూర్చున్నాడు, తలకు కట్టుతో. అక్క కొంగు నలుపుతూ కూర్చుంది. పట్టుకోవడానికి ఏదైనా ఉంటుందని రవ్వ సంచిలోంచి తేనెటీగల పుస్తకం తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. అక్క మొదటి పేజీ తెరిచింది. కాసేపటికి చిన్నపిల్లలా పైకే చదవసాగింది, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ. బావ తలెత్తి చూశాడు. అక్క చూడలేదు, పేజీ తిప్పింది.

రవ్వ కళ్ళు మూసుకుని వింది.