రెండో సంతకం

అందరూ ఆమెను అడ్డుపుల్ల అంటారు. ఎదురుగా కాదు, చాటుగా. ఆ సంగతి ఆమెకు తెలుసు, లోలోపల కాస్త గర్వం కూడా.

పిల్లల బరువును బట్టి మందు మోతాదు లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచేయవచ్చు. మొదలుపెట్టింది పెద్దాయన, పదేళ్లుగా మోస్తున్నది అడ్డుపుల్ల. దానికి రెండు బ్రాంచీలు, అంటే విడివిడిగా నడిచే రెండు రూపాలు: కొత్తది, ముసలి కంప్యూటర్ల కోసం ఉంచిన పాతది. పోయిన వారం ఓ తప్పు బయటపడింది. నాలుగు కిలోలలోపు పసికందులకు మోతాదు ఎక్కువ చూపిస్తోంది. కొత్తదాంట్లో సరిదిద్దారు. పాతదాంట్లో అలాగే ఉంది. ఆమె పిన్ని నర్సుగా ఉన్న చిన్న ఆస్పత్రిలో నడిచేది ఆ పాతదే.

"ఇకమీదట ఒకటే బ్రాంచి, వారం వారం రిలీజ్. పాతది మూసేద్దాం," అన్నాడు పెద్దాయన, ల్యాప్‌టాప్ తెరుస్తూ. "రెండు పడవల మీద కాళ్లెందుకమ్మాయ్? కొత్తనీరొచ్చాక పాతనీరు పోవాల్సిందే."

"ఆ పాతనీళ్లే తాగుతున్నవాళ్లున్నారు. ముందు తప్పు దిద్ది పంపండి."

"కొత్త కంప్యూటర్లు కొనుక్కోమను."

ఆమెకు ఒళ్లు మండింది. కొనుక్కోవాలట! గోడలకు సున్నం వేయించుకోలేని ఆస్పత్రి అది.

"అయితే ఈ వారం రిలీజ్‌కి నేను సంతకం పెట్టను."

పెద్దాయన ముఖం కందగడ్డ చేసుకున్నాడు. ఏ మార్పుకైనా ఇద్దరి డిజిటల్ సంతకాలు ఉండాలన్న నియమం ఆయనదే. ఆ అధికారం ఉన్నదీ వాళ్లిద్దరికే.

"నీ అధికారం తీసేస్తాను, జాగ్రత్త!"

"తీసేయండి."

ఆయన టకటకా కొట్టాడు. ఆగాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఏమంటోంది?" అంది ఆమె.

"రెండో సంతకం అడుగుతోంది," అని గొణిగాడు.

"నాదేగా? పెట్టను."

పెద్దాయన కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"సరే తల్లీ. ఆ దిద్దుబాటు పంపించు, చూస్తాను."

"పంపి మూడ్రోజులైంది. మీరే తెరవలేదు."

ఆయన తెరిచాడు, వరుస వరుసా చదివాడు, సంతకం పెట్టాడు. ఆమె కూడా పెట్టింది. అరగంటలో పిన్ని ఫోన్ చేసింది. అడ్డుపుల్ల స్పీకర్ ఆన్ చేసి ఫోన్‌ను ఆయన ముందుకు జరిపింది.

"వచ్చిందే అమ్మాయ్. మూడు కిలోల పాపకి ఇప్పుడు సగమే చూపిస్తోంది. నువ్వు చెప్పావు గనక నేను వారం నుంచీ కాగితం మీద లెక్కేస్తున్నా. మిగతా ఆస్పత్రుల వాళ్లకి ఎవరు చెప్పారే?"

పెద్దాయన తల దించుకున్నాడు.

"పాతదాన్ని ఇంకో ఏడాది ఉంచుదాం," అన్నాడు చివరికి.

"మూడేళ్లు," అంది అడ్డుపుల్ల.