నక్షత్రం మీట

అక్కకు కదిలేది కుడిచెయ్యి ఒక్కటే, అదీ మణికట్టు నుంచి కిందికి. మెడ నిలవదు. చక్రాల కుర్చీకి బిగించిన మెత్తటి పట్టీ నుదుటిని పట్టుకుని ఉంచుతుంది. అది జారితే తల గుండెల మీదికి వాలిపోతుంది, ఊపిరి అందదు. ఆ కాస్త చేత్తోనే మౌస్ కదుపుతూ, తెర మీది కీబోర్డుతో మందుల వాడకం కాగితాలు అనువాదం చేస్తుంది. ఖాళీ దొరికితే నా తప్పులు పడుతుంది.

ఆమె బొటనవేలి కింద ఒక మీట కట్టి ఉంటుంది. నేనే చేశాను. కంప్యూటర్ లెక్కలో అది నక్షత్రం గుర్తు మీట. ఆమె పనిలో ఎప్పుడూ అవసరం పడని గుర్తు కదా అని దాన్ని ఎంచుకున్నాను. నేను రాసిన చిన్న ప్రోగ్రామ్ ఆ నొక్కుడును మధ్యలోనే పట్టేసి నా ఫోన్‌లో గంట మోగిస్తుంది. ఉదయం తొమ్మిదికి నేను రెండు వీధుల అవతలున్న ప్రింటింగ్ ప్రెస్సుకి వెళతాను, అక్కడి కంప్యూటర్లన్నీ నా నెత్తినే. పదకొండుకి ఆయా వస్తుంది. ఆ రెండు గంటలూ అక్కకున్న ఆసరా ఆ మీటే.

ఆసరా అంటున్నాను గానీ, అది నా ప్రాణం తోడేసేది. కళ్ళద్దాలు జారినా గంటే, ఫ్యాన్ గాలి ఎక్కువైనా గంటే. కిందటి వారం ప్రెస్సు ఓనరు ముందు నాలుగోసారి మోగేసరికి ఒళ్ళు మండింది. ఇంటికొచ్చి, చీటికీ మాటికీ నొక్కొద్దని కసిరాను. అక్క ఏమీ అనలేదు. మాటకు మాట అప్పజెప్పకుండా ఉండే మనిషి కాదు. నా మాట ఎంత లోతుగా తగిలిందో నాకు అప్పుడే తట్టాల్సింది.

ఆదివారం ఆమె లినక్స్ కంప్యూటర్‌ని వేలాండ్ అనే కొత్త డిస్‌ప్లే పద్ధతికి మార్చాను. విండోలను తెర మీదికి తెచ్చే లోపలి ఏర్పాటు అది. పాతదానిలో పేజీ జరిపినప్పుడల్లా అక్షరాలు చీలినట్టు కనబడి ఆమెకు తలనొప్పి వచ్చేది. పైగా పాతది ఇక ఎన్నాళ్ళో ఉండదంటున్నారు. మార్చాక అక్షరాలు తుడిచిన అద్దంలోంచి చూసినంత తేటగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఇది దాచిపెట్టి తనను ఏడిపించానంది అక్క. గంట ప్రోగ్రామ్ తెరిచి మీట నొక్కి చూశాను. మోగింది. మూడుసార్లు నొక్కితే మూడుసార్లూ మోగింది. నా అంతవాడు లేడనుకున్నాను. ఆ ఊపులో సోమవారం పొద్దున్నే ప్రెస్సులో డిజైనర్ కంప్యూటర్‌ని కూడా మార్చేశాను.

ఆ సోమవారం పది దాటినా నా ఫోన్ మోగలేదు. నా కసురు పనిచేసిందని లోలోపల సంతోషించాను కూడా. సిగ్గు లేకుండా చెబుతున్నాను.

పదీ ఇరవైకి డిజైనర్ పిలిచాడు. బొమ్మలోంచి రంగు తీసుకునే చిన్న ప్రోగ్రామ్ ఒకటి అతనికి ఉంది, ఒక మీట నొక్కితే పలుకుతుంది. "ఆ విండో ముందుంటేనే పలుకుతోంది. బొమ్మ విండోలోకి వచ్చి నొక్కితే ఉలుకూ పలుకూ లేదు," అన్నాడు.

అది లోపం కాదని ఉపన్యాసం మొదలుపెట్టాను. పాత పద్ధతిలో ఏ మీట నొక్కినా అన్ని ప్రోగ్రాములూ చెవి ఒగ్గి వినగలిగేవి, దొంగ ప్రోగ్రాములు కూడా. కొత్తదానిలో ఆ ఆటలు సాగవు. ఏ విండో ముందుంటే నొక్కిన మీట దానికే చేరుతుంది, వెనకున్నవాటికి వినపడదు.

చెబుతూ చెబుతూనే మధ్యలో ఆగిపోయాను.

ఆదివారం నేను పరీక్షించినప్పుడు గంట ప్రోగ్రామ్ ముందుంది. ఇప్పుడు అక్క తెర మీద ముందున్నది అనువాదం విండో.

ఆయాకి ఫోన్ చేస్తూనే మెట్లు దిగాను. బస్సులో ఉన్నానంది. తాళాలు మా ఇద్దరి దగ్గరే ఉన్నాయి. ఏమీ అయ్యుండదని నాకు నేనే చెప్పుకుంటూ పరిగెత్తాను. మామూలు రోజుల్లో పదిలోపు రెండుసార్లయినా మోగేది కదా అని వెంటనే గుర్తొచ్చేది. మా గుమ్మం దగ్గర తాళంచెవి రెండుసార్లు కింద పడింది. తలుపు అవతల చిన్న చప్పుడు వినిపించింది, టిక్, టిక్‌మని. అది వినడానికి నాకు భయం వేసింది, ఆగిపోతుందేమోనని ఇంకా భయం వేసింది.

పట్టీ జారి మెడలో పడి ఉంది. తల గుండెల మీదికి వాలిపోయింది. పెదాలు నల్లబడ్డాయి. బొటనవేలు మాత్రం నొక్కుతూనే ఉంది.

తల ఎత్తి రెండు చేతులతో పట్టుకున్నాను. ఊపిరి గీరుకుంటూ లోపలికి పోయింది. మళ్ళీ పోయింది. ఎంతసేపలా నిలబడ్డానో తెలియదు. ఆయా వచ్చి డాక్టర్ని పిలిచింది. గండం గడిచిందని ఆయన చెప్పేదాకా నేను చేతులు తీయలేదు.

అప్పుడు తెర చూశాను. రోజుకు రెండు మాత్రలు అన్న చోట వాక్యం ఆగిపోయింది. అక్కడి నుంచి వరసలు వరసలుగా నక్షత్రాలు. పేజీ జరిపాను. ఇంకో పేజీ, ఇంకో పేజీ. ఒక్కటీ చీలలేదు. అన్నీ తేటగా ఉన్నాయి.

తల వాలాక తెర కనబడదు కదా. తన నొక్కుళ్ళు ఎక్కడికి పోతున్నాయో అక్కకు తెలియదు.

సాయంత్రానికి మాట వచ్చింది. "మోగుతోందనే అనుకున్నానురా," అంది. "నీకు వినబడుతోంది, విసుగుపుట్టి రావట్లేదు అనుకున్నా."

నేను ఏడ్చాను. ఆమె వారించలేదు.

ఆ పూటే అక్క కంప్యూటర్‌ని పాత పద్ధతికి మార్చేశాను. ఈసారి ఉన్న ప్రతి విండోనూ ఒక్కొక్కటిగా ముందుకు తెచ్చి మీట నొక్కి చూశాను. అన్నిటికీ మోగింది. అయినా పాతది పోయే రోజు వస్తుంది, దానికి ఏం చేయాలో ఇంకా తెలియదు. ఆ మాట అక్కతో చెప్పేశాను, దాచలేదు.

అక్క అడిగింది. "రోజూ పదింటికి ఊరికే ఒకసారి నొక్కుతాను. విసుక్కుంటూ అయినా సరే, పలుకుతావా?"