ముట్టుకోనన్న బ్యాగు

పోలండులోని వూచ్ నగరంలో పద్దెనిమిదేళ్ళుగా ట్రాము నడుపుతున్నాను. నిమిషం తేడా రానివ్వను. ఇంట్లో మాత్రం ఎనిమిదో తరగతి చదివే నా కూతురు ఉలాని టైముకి గడప దాటించేసరికి తల ప్రాణం తోకకొస్తుంది.

తెలివి లేక కాదు. టీచరు లెక్క బోర్డు మీద రాసేలోపే జవాబు చెప్పేస్తుంది. చేసిన హోంవర్కు మాత్రం వంటింటి బల్ల మీదే ఉంటుంది. బడిలో మార్చుకునే చెప్పుల సంచీ ట్రాములో వదిలేస్తే అది తిరిగి తిరిగి మా డిపోకే వస్తుంది. "బోజెనా, మీ అమ్మాయి ఆస్తి వచ్చింది, తీసుకుపో" అని మావాళ్ళు నవ్వుతారు. ఏ పరీక్ష ఎప్పుడో ఫోనులో చూసేది నేను, బ్యాగు సర్దేది నేను. అలిసిపోయాను బాబూ.

సెప్టెంబరులో బడి సైకాలజిస్టు హలీనా గారు పిలిపించారు.

"మీరిలా ఎత్తుకుని తిప్పితే ఆ పిల్ల ఎప్పటికి నడుస్తుంది బోజెనా గారూ? లిస్టు తనే రాసుకోవాలి, తనే టిక్కు పెట్టుకోవాలి. మీరు బ్యాగు ముట్టుకోకండి."

"మర్చిపోతేనో?"

"మర్చిపోనివ్వండి."

ఆవిడకేం, ఎన్నయినా చెప్తుంది. అయినా ఉలా ఎదురుగానే ఒప్పుకున్నాను.

మొదటి నెల నరకం. చెప్పుల్లేక సాక్సులతోనే తరగతిలో కూచుంది. హోంవర్కు తేకపోయినా టర్ముకి రెండుసార్లు "ఇవాళ సిద్ధంగా లేను" అని చెప్పుకోనిస్తారు, ఆ రెండూ పదిహేను రోజుల్లోనే ఊదేసింది. నేను పంటి బిగువున ఊరుకున్నాను. చలికాలం వచ్చేసరికి తన లిస్టుని తనే మూడు ముక్కలు చేసుకుంది: పడుకునే ముందు, లేచాక, గుమ్మం దగ్గర. జనవరిలో ఒక్కటంటే ఒక్కటి మర్చిపోలేదు.

ఫిబ్రవరిలో లెక్కల పోటీ చివరి రౌండు. అందులో నెగ్గితే ఎనిమిది తర్వాత చదివే లైసియం బళ్ళలో కోరుకున్నదాంట్లో సీటు, వేరే మార్కులతో పనిలేదు.

ఆ శనివారం పొద్దున ఉలా పళ్ళు తోముకుంటోంది. బ్యాగు గుమ్మం దగ్గరుంది. స్కూలు కార్డు లేనిదే పరీక్షకి రానివ్వరు, దాని మీద ఈ ఏడాది ముద్ర లేకపోతే చెల్లదు. నా చెయ్యి ఊరుకోలేదు. జిప్పు తీశాను. కార్డు ఉంది. ముద్ర చూద్దామని తిప్పుతుంటే బాత్రూము తలుపు చప్పుడైంది. గభాలున కార్డు నా కోటు జేబులో కుక్కేసి జిప్పు లాగేశాను.

"బ్యాగు చూడలేదు కదమ్మా?"

"నాకేం పనే! డ్యూటీకి లేటవుతోంది."

దొరికిపోలేదు కదా అనుకుంటూ మెట్లు దిగాను. కార్డు సంగతి డిపో చేరేసరికే మర్చిపోయాను. నేను!

ట్రాము నడిపేటప్పుడు ఫోను ముట్టకూడదు. చివరి స్టాపులో తీసి చూస్తే నాలుగు మిస్డ్ కాల్స్, ఒక మెసేజి. "అమ్మా, కార్డు లేదు. లోపలికి రానివ్వట్లేదు." పది గంటలకి తలుపులు మూసేశారు. అప్పటికి పదీ ఇరవై. జేబులో చెయ్యి పెట్టాను. పరీక్ష జరిగేచోటికి ఫోను చేసి బతిమాలాను కూడా, రూలు రూలే అన్నారు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి ఉలా కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూచుని ఉంది.

"కార్డు పెట్టినట్టు నాకు బాగా గుర్తుందమ్మా. టిక్కు కూడా పెట్టాను. అంటే నా బుర్రనే నమ్మడానికి లేదు. ఇకనుంచి మళ్ళీ నువ్వే సర్దు."

నిజం చెప్తున్నాను, నోరు మూసుకుందామనే అనిపించింది. కానీ దాని మొహం చూశాక నా వల్ల కాలేదు. కార్డు తీసి బల్ల మీద పెట్టి, జరిగిందంతా చెప్పాను.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. కార్డుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అయితే నేను పెట్టాను."

"పెట్టావు తల్లీ."

"నేను మర్చిపోలేదు."

"లేదే. నువ్వు మర్చిపోలేదు."

పోటీ పోయింది, సీటు పోయింది, ఈ పిల్లేమో ఏడుస్తూనే నవ్వుతోంది. నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. కాసేపటికి ఉలా లేచి, బ్యాగు తీసుకుని తన గదిలోకి వెళ్ళి, లోపల్నించి గడియ పెట్టుకుంది.