ఫ్రీజర్‌లో పార్సిల్

శనివారం లంచ్ బఫే ఎత్తేశాక, డిన్నర్ మొదలయ్యేలోపు, ఇర్వింగ్‌లో లక్ష్మీపతి హోటల్లో కామెడీ షో పెడతారు. సాంబారు వాసన పోకముందే మైకు వచ్చేస్తుంది. జనం నవ్విన నవ్వులు మరమరాల్లా కుర్చీల కింద రాలతాయి. షో అయ్యాక ఎవరివి వాళ్లు డబ్బాల్లోకి ఎత్తుకుని ఇంటికి పోతారు. మిగిలిన బిర్యానీనే వదలని మనవాళ్లు నవ్వుల్ని వదులుతారా!

పద్మ, రాజారావు మాత్రం వదిలేసేవారు. పార్కింగ్‌లో ఇరుక్కుపోతామని రాజారావుకు బెంగ. ఆఖరి జోకుకు నవ్వుతూనే లేచి, పెళ్లాన్ని బయటికి లాక్కుపోయేవాడు. అదంతా పాతమాట. ఉద్యోగం పోయాక ఆయన ఇల్లు కదలడం మానేశాడు, మాట్లాడటమూ మానేశాడు. ఇద్దరి సంసారం ఒక్కతే లాగి లాగి పద్మ అలసిపోయింది. ఈ సాయంత్రం ఫ్లైట్‌కి శాన్ రామన్‌లో అక్క దగ్గరికి వెళ్లిపోతోంది. నాలుగు రోజులని చెప్పింది గానీ రిటర్న్ టికెట్ తీసుకోలేదు. రాజారావు ఏమీ అడక్కుండా సూట్‌కేసు మోసుకొచ్చి డిక్కీలో పెట్టాడు. ఆ అడక్కపోవడమే ఆమెకు ఎక్కువ బాధేసింది.

"ఎయిర్‌పోర్ట్‌కి ఎలాగూ దారే కదా పద్మక్కా, ఒక్క గంట కూర్చుని వెళ్లు" అని ఆఫీసులో పక్క సీటు మనీషా బలవంతాన షోకి రప్పించింది.

స్టేజి మీద కుర్రాడు, మొగుళ్లు గ్రిల్ కొని బ్యాక్‌యార్డ్‌లో దానిమీద దోసెలు పోసే వైభవం చెబుతున్నాడు. హాలంతా పొట్ట పట్టుకుంది. పద్మ కుర్చీ కింద నేల మాత్రం తుడిచినట్టే ఉంది.

వెళ్లబోతుంటే లక్ష్మీపతి ఆపాడు. "అక్కా, జర ఆగు. మీరిద్దరు ఇడిసిపోయిన నవ్వుల పార్సిల్ ఎప్పటిసంది ఫ్రీజర్లనే ఉంది. తీస్కపో."

మూత మీద ఇద్దరి పేర్లూ రాసి ఉన్నాయి. లోపల ఒకటే గడ్డ.

"నాది నాకు విడదీసి ఇవ్వండి" అంది పద్మ.

అతను చాకు పెట్టి చూశాడు, చెంచా పెట్టి చూశాడు. "వస్తలేదక్కా, అతుక్కపోయినయ్. ఇంట్ల పెట్టు, నిదానంగ కరుగుతది. మైక్రోవేవ్ల మాత్రం పెట్టకు, మాడిపోతయ్."

పద్మకు విసుగొచ్చింది. ఆయనది ఒక్క గింజ కూడా నాకొద్దు, ఆయన మొహాన పడేసి పోతానని కారు ఇంటివైపు తిప్పింది.

వంటింటి గట్టు మీద డబ్బా పెట్టి, "ఇదిగో, మీది మీరు తీసుకోండి" అంది.

రాజారావు మూత తీశాడు. అంచు కాస్త కరిగి, అతని బుసబుస నవ్వు ఒకటి బయటపడింది. దాని వెనకే ఆమె కిచకిచ నవ్వు. ఇద్దరూ అలాగే నిలబడి విన్నారు. ఈ గొంతు నాదేనా అనిపించింది పద్మకు.

"నీ ఫ్లైట్... ట్రాఫిక్ ఉంటుందేమో, ముందే..." అని అలవాటుగా అనబోయి రాజారావు ఆగిపోయాడు. రెండు కుర్చీలు లాగాడు. "మొత్తం కరిగేదాకా కూర్చుందాం పద్మా. ఈసారి మధ్యలో లేవను."

పద్మకు ఏడుపొచ్చింది. కారు తాళాలు డబ్బా పక్కన పడేసి కూర్చుంది.

గడ్డ పెద్దది. సగం కూడా కరగకముందే ఫ్లైట్ వెళ్లిపోయింది.