ఆయ్ అన్నందుకు

సిస్టరు గారు పేషెంటు పేరు అడిగేసరికి మధుబాబు నోట్లోంచి వచ్చిన మాట "చైనా అండి" అన్నదే.

ఆవిడ చీటీ మీంచి తలెత్తి చూసింది. బల్ల మీద పడుకున్న మనిషి ఎడమ కనుబొమ్మ మీద గుడ్డ అదిమి పట్టుకుని ఉన్నాడు. అది హోటల్లో బల్లలు తుడిచే గుడ్డ. ఆ కంగారులో చేతికి దొరికింది అదే. నెత్తురు చెవి వెనకనుంచి దిగి చొక్కా కాలరు తడిపేసింది.

"మనిషి పేరండీ," అని ఆవిడ మళ్ళీ అడిగింది.

మధుబాబు తడుముకున్నాడు. మూడేళ్ళుగా తన దగ్గర వంట చేస్తున్న మనిషి. చేరిన రోజున ఆధార్ కార్డు నకలు తీసుకున్న మాట నిజమే గానీ, దాని మీద ఏముందో చూసిన గుర్తు లేదు.

"బిజిత్ బసుమతారి," అన్నాడు పడుకున్న మనిషే. అడక్కుండానే ఊరు కూడా చెప్పాడు. అస్సాం, కొక్రాఝార్ జిల్లా.

డాక్టరు గారు వచ్చి గాయం కడిగి, కుట్లు వేస్తూ, దెబ్బ ఎలా తగిలిందని అడిగారు. ఎవరైనా కొట్టి ఉంటే పోలీసులకి తెలియజేయాలని కూడా చెప్పారు. బిజిత్ తల కదపకుండా, కళ్ళు మాత్రం మధుబాబు వైపు తిప్పాడు. మధుబాబుకి ఒక్కసారిగా హోటలూ, పోలీసు జీపూ, రోడ్డు మీద జనమూ కళ్ళ ముందు మెదిలాయి.

"మెట్ల మీంచి జారిపడ్డాడండి. తడిగా ఉందండి," అన్నాడు.

"అంతేనా?" అని డాక్టరు గారు బిజిత్‌ని అడిగారు.

"ఆయ్," అన్నాడు బిజిత్.

అంతకు గంట కిందట ఈ మనిషి తల పగలడానికి కారణం ఆ ఒక్క మాటే. ఆ మాట నేర్పింది తనే.

అమలాపురంలో ఎర్రవంతెన దాటాక రోడ్డు వారన ఉంటుంది మధుబాబు ఫాస్ట్‌ఫుడ్ సెంటరు. కువైట్‌లో కారు తోలి దాచుకున్నదంతా పెట్టి తెరిచాడు. మొదట్లో తనే గరిటె పట్టాడు గానీ నూడుల్స్ ముద్దయిపోయేవి, మంచూరియా రబ్బరులా సాగేది. అప్పుడు రాజమండ్రిలో ఎవరో చెప్తే బిజిత్‌ని తెచ్చుకున్నాడు. నెలకి పద్దెనిమిది వేలు, భోజనం, హోటలు మీద రేకుల గది. బిజిత్ చెయ్యి పడ్డాక హోటలు నిలబడింది. వచ్చిన మొదటి వారంలోనే ఎవరో చిన్న కళ్ళ మనిషని 'చైనా' అన్నారు. అందరూ అదే అందుకున్నారు. మధుబాబు కూడా. క్రిస్మస్‌కి తనతో పాటు చర్చికి తీసుకెళ్తే అక్కడ కుర్రాళ్ళూ 'చైనా, కేకు తీసుకో' అన్నారు. ఎవరూ తిట్టి అన్నది కాదు. నవ్వుతూ అన్నదే.

తెలుగు రాక బిజిత్ మొదట్లో బిక్కమొహం వేసేవాడు. "ఎవరేమడిగినా నవ్వేసి ఆయ్ అనెయ్. అవునండీ అని అర్థం. మా ఊళ్ళో ఆ ఒక్క మాటతో బతికెయ్యొచ్చు," అని మధుబాబు చెప్పాడు. బిజిత్ అలాగే చేశాడు. అస్సాం మనిషి నోట గోదావరి ఆయ్ వింటే జనానికి భలే ముచ్చటగా ఉండేది. పనిగట్టుకుని ఏదో ఒకటి అడిగి, ఆయ్ అనిపించుకుని వెళ్ళేవారు.

ఆర్నెల్ల కిందట మోహన్ వచ్చాడు. ఊళ్ళో హోటళ్ళన్నీ తిరిగి, తిని, వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెడుతుంటాడు. వేలమంది చూస్తారు. సెల్‌ఫోను కర్రకి బిగించి, మీ స్పెషలేంటండీ మధుబాబు గారూ అని అడిగాడు. హోటలు నిండా జనం. మధుబాబుకి హుషారొచ్చింది.

"మా స్పెషలు మా చైనావోడేనండి. కదిలేది ఏదైనా వండేత్తాడు. వీడొచ్చేకే మా వీధిలో కుక్కలు తగ్గిపోయేయండి. ఏరా, అంతేనా?"

"ఆయ్," అని బిజిత్ నవ్వాడు.

హోటలు గొల్లుమంది. మోహన్ ఆ ముక్కని కత్తిరించి, వెనకాల కుక్క మొరుగుడు కలిపి వదిలాడు. ఎవరెవరో దానికి పాటలు కలిపారు. ఆత్రేయపురం నుంచీ, కాకినాడ నుంచీ కూడా జనం వచ్చి, కుక్క నూడుల్స్ ఉన్నాయా అని అడిగి, నవ్వి, ఎగ్ నూడుల్స్ తిని వెళ్ళేవారు. బల్లలు చాలక మధుబాబు ఇంకో నాలుగు వేయించాడు. హోటలు ముందు బిజిత్ నవ్వుతున్న ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టించాడు. అప్పుడప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చుని తన జోకు తనే మళ్ళీ పెట్టుకుని చూసుకునేవాడు.

ఇవాళ పొద్దున్న వెనక వీధి సత్యదుర్గారావు గారి బొచ్చుకుక్క కనపడలేదు. ఆయన రిటైరైన ఉద్యోగి. పిల్లలు దూరంగా ఉండడంతో ప్రాణాలన్నీ ఆ కుక్క మీదే పెట్టుకున్నారు. వీధంతా వెతికాక ఆయన మేనల్లుడూ, వాడి స్నేహితులూ తిన్నగా హోటలుకి వచ్చారు. మధుబాబు కోడిమాంసం కోసం బజారుకెళ్ళాడు. బిజిత్ ఒక్కడే కూర్చుని క్యాబేజీ తరుగుతున్నాడు.

కుక్కని తినేశావా అని వాళ్ళు అడిగారు.

రోజూ పదిమంది అడిగే మాట. బిజిత్ తలెత్తి నవ్వాడు. ఆయ్ అన్నాడు.

పొయ్యి మీదున్న ఇనప గరిటె తీసి ఒకడు కొట్టాడు. కింద పడ్డాక మిగిలినవాళ్ళు తన్నారు. మధుబాబు వచ్చేసరికి క్యాబేజీ తరుగులో బోర్లా పడి ఉన్నాడు. ఎందుకు కొట్టారో అతనికి అప్పటికీ తెలియలేదు. జరిగింది మధుబాబుకి చెప్పింది పక్క కొట్టువాళ్ళు.

కుట్లు వేయించుకుని ఆటోలో తిరిగొచ్చారు. తలకి కట్టుతో బిజిత్ మెల్లగా తన ఫొటో కింద నుంచే లోపలికి నడిచి, రేకుల గదికి వెళ్ళి పడుకున్నాడు. మధుబాబు షట్టరు దించేశాడు. స్టూలెక్కి ఆ ఫ్లెక్సీ తాళ్ళు కోస్తుంటే రోడ్డు మీద ఎవరో, కొత్తది కడుతున్నారా అండీ అని అడిగారు. అతను రెండో తాడు కూడా కోసేశాడు.

సాయంత్రానికి కుక్క దొరికింది. బండారులంకలో ఒక నేతగాళ్ళ ఇంట్లో మగ్గం కింద పడుకుని ఉంటే వాళ్ళు పాలు పోసి కట్టేశారట. సత్యదుర్గారావు గారు స్వయంగా వచ్చారు. మందుల ఖర్చు తానిస్తానన్నారు. పిల్లలు తొందరపడ్డారన్నారు. జారిపడ్డాడని ఆసుపత్రిలో చెప్పి మంచి పని చేశారని మెచ్చుకున్నారు. మధుబాబు వినీ విననట్టు నిలబడితే, వెళ్ళబోతూ ఆగారు.

"నేను తప్పు పట్టడం లేదండి. కానీ ఆ మాట వీడియోలో చెప్పింది మీరేనాయె. మీ మనిషి గురించి మీరే చెప్తే ఊళ్ళోవాళ్ళు నమ్మరా అండీ?"

ఆయన ఎంతో మర్యాదగానే అన్నారు. 

ఇంటికెళ్తే భార్య శారోన్ అప్పటికే సంగతి విన్నట్టుంది. బిజిత్‌కి జావ కాచి క్యారేజీలో సర్దుతోంది. మధుబాబు వైపు చూడలేదు. తండ్రి కృపారావు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. వయసులో ఉన్నప్పుడు ఉప్పలగుప్తంలో ఒక పెద్దరైతు దగ్గర పాలేరుగా చేసిన మనిషి. మధుబాబు ఆయన పక్కన మెట్టు మీద కూలబడ్డాడు. అన్నీ చెప్పాడు. చెప్పగా చెప్పగా గొంతు తనని తాను సమర్థించుకునే దారి పట్టింది.

"సరదాకన్నాను నాన్నా. ఆణ్ణి నేనెప్పుడైనా తక్కువ చేసి చూసేనా? మనింట్లో మనిషిలాగే చూసుకున్నాను."

కృపారావు కొడుకు వైపు కుర్చీ జరుపుకున్నాడు.

"మా కామందు కూడా మంచోడేరా," అన్నాడు. "పండక్కి కొత్త పంచె పెట్టేవోరు. మీ అమ్మకి జబ్బు చేత్తే బండి కట్టించేరు. నన్ను కాకీ అని పిలిచేవోరు. ఒరే కాకీ, నువ్వు చేలో నుంచుంటే దిష్టిబొమ్మెందుకురా అనేవోరు. అందరూ నవ్వేవోరు. నేనూ నవ్వేవోణ్ణి."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"నవ్వేను కదరా. నవ్వేక ఇంకేం చెప్పను?"

శారోన్ క్యారేజీ తెచ్చి మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆమె ఏదైనా అంటే బాగుండుననిపించింది మధుబాబుకి. రెండేళ్ళ కిందట హోటల్లో ఒకాయన బిల్లు దగ్గర కులం పేరెత్తి ఒక మాటంటే, మధుబాబు ఆయన చొక్కా పట్టుకుని రోడ్డు మీదకి నెట్టాడు. కులం పేరుతో తిట్టినందుకు కేసు పెడతానన్నాడు. సరదాకన్నానండీ అని ఆయన చేతులు జోడించాడు. సరదాలు మీ ఇంట్లో చేసుకోమని ఆ రోజు గట్టిగా అరిచింది తనే. అదే నోటితో, అదే గల్లాపెట్టె ముందు నిలబడి కుక్కల మాట అన్నాడు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని ఇన్నాళ్ళూ ఎందుకు తోచలేదో అతనికి అర్థం కాలేదు.

రెండు రోజులు పోయాక మోహన్ పరిగెత్తుకుంటూ వచ్చాడు. వీడియో అస్సాం దాకా పోయిందట. అక్కడెవరో తెలుగు తెలిసినవాళ్ళు మాటలన్నీ వాళ్ళ భాషలో రాసి పెట్టారట. విద్యార్థి సంఘంవాళ్ళు ఫిర్యాదు చేశారనీ, తన ఛానల్ పోయేలా ఉందనీ వాపోయాడు. 'చైనా' అన్నచోట బీప్ శబ్దం వేసి మళ్ళీ పెట్టానన్నాడు. కుక్కల మాటా, నవ్వూ మాత్రం అలాగే ఉన్నాయి.

అతనికి కావలసింది ఇంకో చిన్న వీడియో. మధుబాబు బిజిత్ భుజం మీద చెయ్యి వెయ్యాలి. మాది సరదా, ఉద్దేశపూర్వకంగా ఎవర్నీ కించపరచలేదు, ఎవరి మనోభావాలైనా దెబ్బతింటే క్షమించండి అనాలి. ఇద్దరూ ఒకే ప్లేటులో తినాలి. చివర్న బిజిత్ నవ్వి ఒక్క ఆయ్ అనాలి. ఆ ఆయ్ పడిందంటే జనం అన్నీ మర్చిపోతారన్నాడు మోహన్. కట్టు కనపడకుండా టోపీ కూడా తెచ్చాడు.

బిజిత్ మూత పెట్టి ఉన్న పొయ్యి పక్కన నిలబడి అంతా విన్నాడు. ఇన్నాళ్ళూ అన్నా అని పిలిచిన మధుబాబు వైపు తిరిగాడు.

"నేను నవ్వను సార్," అన్నాడు.

మోహన్ బతిమాలబోయాడు. బిజిత్ చెయ్యెత్తి ఆపాడు. తనకొచ్చిన తెలుగులో మాట మాటా ఏరుకుంటూ చెప్పాడు.

"ముందు కూడా నాకు నవ్వు రాలేదు. అందరు నవ్వితే నేను నవ్వాలి కదా. నవ్వకపోతే కోపం మనిషి అంటారు. పని పోతుంది. మా పాప ఫోన్లో చూసింది. స్కూల్లో పిల్లలు చూపించారు. వాళ్ళు తిడుతుంటే నువ్వెందుకు నవ్వావు అని అడిగింది. నేను ఏమి చెప్పాలి సార్?"

మోహన్ కాసేపు టోపీ చేతిలో తిప్పి, పోనీ మీరొక్కరైనా చెప్పండి, ఉద్దేశం లేదని ఒక్క ముక్క చాలు అన్నాడు. సెల్‌ఫోను మధుబాబు మొహానికి ఎదురుగా పెట్టాడు.

మధుబాబు నోరు తెరిచాడు. ఆ రోజు హోటల్లో ఎవరెవరున్నారో గుర్తొచ్చింది. సత్యదుర్గారావు గారు పార్సిలు కోసం నిలబడి ఉన్నారు. ఆయన మీద జోకు వెయ్యలేదు. లావుగా ఉండే మోహన్ మీద వెయ్యలేదు. తన మీద తాను వేసుకోలేదు. అంతమందిలోకీ తిరిగి ఒక్క మాట అనలేని మనిషెవరో చూసుకుని వాడి మీద వేశాడు. ఆలోచించి చేశాడా అంటే లేదు. కానీ మాట తడుముకోకుండా తిన్నగా అక్కడికే పోయింది.

"ఉద్దేశం లేదని నేను చెప్పలేనండి," అన్నాడు.

"అలాగంటే కేసు మీదాకా వత్తదండి మధుబాబు గారూ."

"రానివ్వండి."

మోహన్ ఏదో గొణుక్కుంటూ కర్ర మడిచి పట్టుకుపోయాడు. మధుబాబు మొహం కడుక్కుని, బండి తాళాలు తీసుకున్నాడు. ఆసుపత్రిలో తను చెప్పింది అబద్ధమని స్టేషన్లో చెప్తానన్నాడు. కొట్టినవాళ్ళ పేర్లూ చెప్తాను, నేనన్న మాట కూడా చెప్తాను, నువ్వు కూడా రా బిజిత్ అన్నాడు. ఆ పేరు అతని నోటికి ఇంకా కొత్తగానే ఉంది.

"మళ్ళీ కొడితే?" అని అడిగాడు బిజిత్.

వాళ్ళున్నది వెనక వీధిలోనే. బిజిత్ పడుకునేది రేకుల గదిలో. మధుబాబు అబద్ధం చెప్పదలుచుకోలేదు. నిజమేమిటో తెలియదు.

"తెలీదు," అన్నాడు.

బిజిత్ ఏప్రాన్ విప్పి మేకుకి తగిలించి బయటికి వచ్చాడు. మధుబాబు బండి తీశాడు. బజారుకెళ్ళినప్పుడల్లా అతని భుజం పట్టుకుని కూర్చునే మనిషి, ఇవాళ ఎడంగా జరిగి, వెనకనున్న ఇనప కడ్డీ రెండు చేతులా పట్టుకున్నాడు. వంతెన ఎక్కుతుంటే బండి ఎగుడుదిగుడుగా ఊగింది. మధుబాబు వేగం తగ్గించాడు. తన భుజం మీద చెయ్యి పడలేదు.