పసుపు గీత

రాజారావు షెవర్లే కారు కింద నుంచి చక్రాల పలక మీద జారుతూ బయటికొచ్చి పానా తుడిచాడు. బిగించిన ప్రతి నట్టు మీదా పసుపు రంగు పెన్నుతో ఒక గీత. గీత ఉంటే పని అయినట్టే. అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లోని ఆ పాతకార్ల షెడ్డులో ఇరవై రెండేళ్ళుగా అతని గీతను ఎవరూ మళ్ళీ సరిచూడలేదు.

అరవై మూడేళ్ళ మనిషి. బక్కపలచని ఒళ్ళు, గోళ్ళ చుట్టూ వదలని గ్రీజు. ఆరు నెలలుగా చక్కెర జబ్బు వేలికొసల్ని తింటోంది. చల్లని ఇనుమూ, వేడి టీ కప్పూ వాటికి ఒకటే. యజమాని శ్రేయాస్‌కి చెప్పలేదు. చెబితే చేతిలో పానా ఉండదు.

"రెండిట్లో ఏది తీసుకోవాలి అంకుల్?" అన్నాడు కొనడానికి వచ్చిన ధృవ్. పక్కన ఆరేళ్ళ కూతురు హంసిక. ఎదురుగా యాభై ఏడు నాటి నీలం షెవర్లే, డెబ్బై నాటి నారింజ రంగు డాడ్జ్.

"అందం ఈ నీలందే బాబూ. కానీ ఆ రోజుల్లో ఏ కారులోనైనా బ్రేకు నూనెకి ఒకటే దారి. ఒక్కచోట కారితే నాలుగు చక్రాలూ పోతాయి. డాడ్జ్‌కి రెండు దారులు. ఒకటి పోయినా రెండోది ఆపుతుంది."

"మా మామ్ లాగా భయపెడుతున్నారు! మీరే కదా ఫిక్స్ చేశారు?"

"నేనే."

"డాడీ, బ్లూ కార్ ప్లీజ్!"

ధృవ్ కూతుర్ని వెనక సీట్లో ఎక్కించుకుని నడిపి చూడబోయాడు. షెవర్లే గేటు వైపు కదిలింది. గేటు దాటితే పల్లం, పల్లం చివర లారీలు పరుగెత్తే రోడ్డు.

అప్పుడు గుర్తొచ్చింది రాజారావుకి. పొద్దున పెన్ను ఆరిపోతోందని బ్రేకు గొట్టాల నట్ల మీద ముందే నాలుగు గీతలూ గీసేశాడు. తర్వాత బిగించినవి నాలుగా? మూడా?

పరుగెత్తాడు. గేటుకి అడ్డంగా, కారు ముందు చేతులు చాచి నిలబడ్డాడు. ఆ బ్రేకు పడకపోవచ్చని ఆ షెడ్డులో తెలిసింది అతనొక్కడికే.

ధృవ్ బ్రేకు తొక్కినా కారు వస్తూనే ఉంది. బంపరు మోకాళ్ళకి తగిలి ఆగింది.

"ఆర్ యూ క్రేజీ, అంకుల్?"

"హ్యాండ్‌బ్రేక్ లాగు. ఇప్పుడు మళ్ళీ తొక్కు."

పెడల్ నేలదాకా దిగిపోయింది. ధృవ్ ముఖం పాలిపోయింది.

రాజారావు కారు కిందికి దూరాడు. నేల మీద బ్రేకు నూనె మడుగు. పసుపు గీత ఉన్న నాలుగో నట్టు రెండు వేళ్ళ మధ్య తిరిగింది. తిరుగుతున్న సంగతి వేళ్ళకి తెలియలేదు, కళ్ళు చెప్పాయి.

శ్రేయాస్ వచ్చి చేయందించాడు. "ఎవరికీ ఏం కాలేదుగా అంకుల్, వదిలెయ్యండి."

"ఈ చేతులకి స్పర్శ లేదయ్యా. ఆరు నెలలైంది. నీకు చెప్పకుండా దాచాను."

వెనక సీట్లో హంసిక ఇంకా నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. రాజారావు ఆ పిల్ల వైపు చూడలేక తల దించుకున్నాడు. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, కోటు వేసుకుని, బస్టాపు వైపు నడిచి వెళ్ళిపోయాడు.

పనిబల్ల దగ్గర అతని స్టూలు మీద, ఏదో కారు సీటు తోలుతో తనే కుట్టుకున్న దిండు మిగిలింది, మధ్యలో అతని బరువుకి పడిన గుంటతో.