బుల్లికి పెట్టిన పథ్యం

ఎదురు ఫ్లాటు సాబేరా మీద జ్ఞానప్రసూనాంబకి మొదటి రోజే అనుమానం పుట్టింది. ఊరికే నవ్వే మనిషిని ఆవిడ నమ్మదు. అందులోనూ చేతిలో ఆకుపచ్చ సీసా పట్టుకుని నవ్వే మనిషినా? శివశివా!

విజిట్ వీసా మీద అరబ్బు దేశంలో, అల్ అజీజియాలో ఉన్న కొడుకింటికి వచ్చేసరికి, ఆ ఇంట్లో మనవరాలు హాసినితోపాటు బుల్లి కూడా ఉంది. బుల్లి అంటే ఫెర్రెట్. ముంగిసకి వేలువిడిచిన చుట్టంలా ఉంటుంది. పిల్లిలా ఇంట్లో పెంచుకుంటారు. ఛీ ఛీ అంటూనే ఆవిడ దాన్ని ఒళ్ళోకి చేర్చుకుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి తెస్తే, "పాపం, ఆడకూతురు" అని కళ్ళు తుడుచుకుంది కూడా.

సరిగ్గా అప్పుడే సాబేరా ఆ సీసా తెచ్చింది.

"మూలికల మందు పెద్దమ్మా. దమ్మామ్‌లో తీసుకున్న్యా. మా పిల్లులకూ ఇదే. నీళ్ళలో రెండు సుక్కలేస్తే బలమొస్తాది."

"ఏ మూలికలమ్మా?"

"అరబ్బీలో రాసినారు. నాకేం తెలుస్తాది?"

తెలీకుండానే పోసేస్తోందన్నమాట! ఇంట్లోంచే ఆఫీసు పని చేసుకునే కోడలు భరణి కంప్యూటర్ లోంచి తలెత్తకుండా, "హెర్బలే కదత్తయ్యా, ఏం కాదు" అంది.

ఏం కాకపోవడమేమిటి? ఇల్లంతా గెంతే బుల్లి మూలన ముడుచుకుపోయింది. చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. మూత్రం ఎర్రగా వచ్చింది. జ్ఞానప్రసూనాంబ ఎవరూ చూడకుండా ఆ మందు నీళ్ళు పారబోసి మంచినీళ్ళు పోయడం మొదలుపెట్టింది. అయినా బుల్లి కోలుకోలేదు. తను కునుకు తీసినప్పుడు సాబేరా వచ్చి మళ్ళీ కలుపుతోందని తీర్మానించేసుకుంది.

తన వంతు పథ్యం మాత్రం మానలేదు. బాలింతైనా, ఆపరేషనైన మనిషైనా పచ్చి ఒళ్ళు పచ్చి ఒళ్ళే. నేతిలో వేయించిన వెల్లుల్లి చిదిపి, ఉడికించిన కోడిమాంసంలో పిసికి, వేలితో నాకించేది. భరణి కాన్పుకి ఈ చేతి పథ్యమే కదూ దాన్ని లేపి నిలబెట్టింది!

ఆ సాయంత్రం బుల్లి మెడ నిలపలేకపోయింది. "చచ్చిపోతుందా మామ్మా?" అని హాసిని వెక్కుతుంటే ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా ఎదురు తలుపు బాదింది.

"నోరులేని జీవి ఉసురు పోసుకుంటావుటే? ఏం కలిపావందులో?"

సాబేరా ముఖం చిన్నబోయింది. లోపలికెళ్ళి సీసాతోపాటు కారు తాళాలు తెచ్చింది. "మీ కొడుకేమో యాడో రాస్ తనూరాలో డ్యూటీలో ఉండాడు గదా. ముందు కారెక్కండి. తిట్టేది తర్వాత తిడుదురు."

పశువుల డాక్టరు సూడాన్ మనిషి. ఆయన ఇంగ్లీషులో అన్నదాన్ని భరణి తెలుగులో చెప్పింది. "ఈ చుక్కలు ఆపెయ్యాలిట. ఫెర్రెట్‌కి ఎంత పోస్తే ప్రమాదమో ఎవరికీ తెలీదుట. కానీ రక్తంలో కణాలు ఇలా పగిలిపోవడానికి కారణం ఇదేనని చెప్పలేరుట. ఇంకే మందైనా ఇచ్చామా అంటున్నారు."

"ఏ మందూ ఇవ్వలేదు" అంది జ్ఞానప్రసూనాంబ గట్టిగా. అబద్ధమేం కాదు. పథ్యం మందెలా అవుతుంది?

"తిండిలోనో? ఉల్లిపాయగానీ, వెల్లుల్లిగానీ పెట్టారా? అది ఫెర్రెట్లకి విషంట."

ఆవిడ చెయ్యి చీర కుచ్చెళ్ళలో దాచుకుంది. బల్లమీద ఆకుపచ్చ సీసా అలాగే ఉంది. సాబేరా తలొంచుకు నిలబడింది. మాట్లాడకపోతే పాపమంతా ఆ సీసాదే. మాట్లాడకపోతే డాక్టరు దేనికి వైద్యం చెయ్యాలో తెలియక బుల్లి పోతుంది.

"వెల్లుల్లి" అంది ఆవిడ. కుచ్చెళ్ళలోంచి చెయ్యి బయటికి తీసింది. మళ్ళీ అంది. "రోజూ. నేనే పెట్టాను, ఈ చేత్తోనే."

బుల్లిని క్లినిక్‌లోనే ఉంచుకుని బతికించారు. ఇంటికి తెచ్చిన రోజు సాబేరా కూడా చూడటానికి వచ్చింది. జ్ఞానప్రసూనాంబ ఆత్రంగా చేతులు చాపితే హాసిని బుల్లిని గుండెకి హత్తుకుని వెనక్కి జరిగింది.

"ముందు నీ చెయ్యి వాసన చూపించు మామ్మా."

సబ్బుతో తోమి తోమి కడుక్కున్న చెయ్యే. పిల్ల ఒకసారి వాసన చూసింది. మళ్ళీ చూసింది. వెళ్ళి బుల్లిని సాబేరా ఒళ్ళో పెట్టింది.